మూడంతస్తుల ఇంట్లో జిగ్బీ: ఎక్కడ పొడిగించాలి, ఎక్కడ విడదీయాలి

నెల్లూరు వేదాయపాళెంలో మా అక్కవాళ్ల ఇల్లు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, డాబా మీద ఒక గది. అక్కడి స్మార్ట్ దీపాలు, సెన్సర్లు జిగ్బీ మీద నడుస్తాయి. చిన్న పరికరాలు తీగ లేకుండా ఒకదాని కబురు ఒకటి అందుకుని ముందుకు పంపే రేడియో పద్ధతి అది. కిందటి కార్తీకంలో వాన పట్టిన ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద దీపాలు, ఫ్యాన్లు నడుస్తున్నాయి. వీటన్నిటినీ ఆడించే చిన్న కంప్యూటర్, అంటే ఇంటి సర్వర్ కూడా నడుస్తోంది. అయినా మెట్ల మలుపులో మనిషి కదిలితే వెలగాల్సిన దీపం వెలగలేదు. డాబా గది తలుపు సెన్సర్ ఉలకలేదు, పలకలేదు. మర్నాడు బావగారు ఫోను చేసి, "సిగ్నల్ చాలడం లేదు, ఇంకాస్త పెద్ద యాంటెన్నా తెప్పించమంటావా?" అని అడిగారు.

వెళ్లి చూస్తే గొడవ యాంటెన్నాది కాదు. పై వాటాకు, డాబాకు కలిపి దారి చూపుతున్నది ఒకే ఒక్క స్మార్ట్ ప్లగ్. దాన్ని ఫ్రిజ్ సాకెట్‌కు పెట్టారు. ఫ్రిజ్ సాకెట్‌కు ఇన్వర్టర్ లైను లేదు. కరెంటుతో పాటు ప్లగ్ పోయింది, ప్లగ్‌తో పాటు మేడంతా పోయింది.

జిగ్బీ మీద దొరికే సలహాలు చాలావరకు కరెంటు పోని ఊళ్లవాళ్లు, చెక్క గోడల ఇళ్లవాళ్లు రాసినవి. వాళ్ల సాకెట్లకు స్విచ్‌లు కూడా చాలాచోట్ల ఉండవు. మన ఇళ్లలో నెట్‌వర్క్ తెగేది దూరం వల్ల తక్కువ, కరెంటు తీరు వల్ల ఎక్కువ. అందుకే ఇక్కడ చెప్పే పని కరెంటు లైన్లతో మొదలై, తర్వాత సిగ్నల్ దగ్గరికి వస్తుంది. నెట్‌వర్క్‌ను రెండుగా విడదీయడం అన్నిటికన్నా చివర.

ఎవరి పని ఏమిటి

కోఆర్డినేటర్ అంటే సర్వర్‌కు తగిలించే స్టిక్ లేదా పెట్టె. నెట్‌వర్క్‌ను పుట్టించేది అదే, ఒక నెట్‌వర్క్‌కు ఒకటే ఉంటుంది. ఎప్పుడూ కరెంటు మీద ఉండే ప్లగ్‌లు, స్విచ్ మాడ్యూళ్లు, బల్బులు రూటర్లు. ఇతరుల కబురు అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీతో నడిచే తలుపు సెన్సర్లు, కదలిక సెన్సర్లు, బటన్లు చివరి పరికరాలు. ఇవి ఎవరి కబురూ మోయవు. తమను చేర్చుకున్న ఒక్క రూటర్‌తోనో కోఆర్డినేటర్‌తోనో మాత్రమే మాట్లాడతాయి. నేరుగా తనను పట్టుకుని ఉండే పరికరాలను కోఆర్డినేటర్ కొంతవరకే మోయగలదు. పాత సీసీ2531 స్టిక్‌లు ఇరవై దగ్గరే చేతులెత్తేస్తాయి. కనుక "నెట్‌వర్క్ పెంచడం" అంటే అసలు అర్థం రూటర్లను పెంచడమే. వైఫైకి పెట్టినట్టు ఇంకో కోఆర్డినేటర్‌ను తెచ్చి పెడితే అదే నెట్‌వర్క్ పొడుగు కాదు, రెండో నెట్‌వర్క్ పుడుతుంది.

మొదటి మెట్టు: మెయిన్ ఆపి ఒక చుట్టు తిరగండి

ఇంటి నక్షా కాగితం మీద గీయండి, ముతగ్గా ఉన్నా పరవాలేదు. ఇన్వర్టర్‌ను అలాగే ఉంచి మెయిన్ ఆపండి. ఒక ఫోను ఛార్జర్ పట్టుకుని ప్రతి సాకెట్‌లో పెట్టి చూడండి, ప్రతి స్విచ్ వేసి చూడండి. బతికి ఉన్నవాటికి ఒక రంగు, చచ్చినవాటికి ఇంకో రంగు వేయండి. అక్కవాళ్ల ఇంట్లో ఈ పనికి అరగంట పట్టింది. పై వాటాలో దీపాలు, ఫ్యాన్లు, టీవీ సాకెట్ తప్ప మిగతావన్నీ చచ్చే జాబితాలో తేలాయి. ఫ్రిజ్, గీజర్, ఏసీల సాకెట్లలో ఒక్కదానికీ ఇన్వర్టర్ లేదు. రూటర్లు ఉండాల్సింది బతికి ఉన్న రంగు మీదే. మిగతా లైన్ల మీద ఎన్ని రూటర్లు పెట్టినా అవి అదనపు చేతులే తప్ప కాళ్లు కావు.

సర్వర్, వైఫై పెట్టె, కోఆర్డినేటర్ కూడా ఇన్వర్టర్ లైను మీదే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

రెండో మెట్టు: కోఆర్డినేటర్‌కు చోటు

చాలా ఇళ్లలో సర్వర్ ఉండేది టీవీ వెనకో, బీరువా మీదో. రెండూ చెడ్డ చోట్లే. బీరువా అంటే ఇనప గోడ, టీవీ వెనక భాగమూ దానికి తక్కువ కాదు. దానికి తోడు స్టిక్‌ను నేరుగా సర్వర్ యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చితే, ఆ పోర్టు పుట్టించే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. జిగ్బీ మాట్లాడేదీ అక్కడే. మీటరుకు తగ్గని యూఎస్‌బీ పొడిగింపు తీగ ఒకటి కొని, స్టిక్‌ను యూఎస్‌బీ 2 పోర్టుకు కలిపి, సర్వర్‌కు దూరంగా నిలబెట్టండి. కొత్త యాంటెన్నా ఆలోచన వచ్చినవాళ్లందరికీ ముందు ఈ తీగ కొనమనే చెబుతాను.

తర్వాత స్లాబు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే అయిదు అంగుళాలు. మన స్లాబుల్లో కడ్డీల మధ్య ఖాళీ కూడా ఇంచుమించు అంతే. సిమెంటు మందం, ఇనుము వల అన్నీ దాటుకుని పైకి వెళ్లే సిగ్నల్ బాగా నీరసిస్తుంది. పైకి తేలికైన దారి మెట్ల గూడు. అక్కడ స్లాబు తెరిచి ఉంటుంది కదా. కోఆర్డినేటర్‌ను ఇంటి మధ్యలో పెట్టడం కుదరకపోతే, మెట్ల గూడు కనిపించే చోట పెట్టండి. ఈథర్నెట్ తీగతో నడిచే కోఆర్డినేటర్ అయితే సర్వర్ ఒక గదిలో, అది ఇంకో చోట ఉండవచ్చు. కొత్తగా కొనేవాళ్లకు నా ఓటు దానికే.

మూడో మెట్టు: ఛానెల్

జిగ్బీకి 11 నుంచి 26 వరకు పదహారు ఛానెళ్లు. ఒక్కోటి 5 మెగాహెర్ట్జ్ ఎడంగా 2405 దగ్గర మొదలై 2480 దగ్గర ముగుస్తాయి. వైఫై ఛానెల్ ఒక్కటే వాటిలో నాలుగింటిని కప్పేస్తుంది. వైఫై 1, 6, 11 ఛానెళ్ల మధ్య సందుల్లో పడేవి జిగ్బీ 15, 20. పదకొండుకు పైన మిగిలేవి 25, 26. చివరి 26ను కొన్ని పరికరాలు పట్టుకోవు, కనుక 25 దగ్గర ఆగండి.

ముందు మీ వైఫై పెట్టెలోకి వెళ్లి 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను "ఆటో" నుంచి తీసి 1 మీద, వెడల్పును 20 మెగాహెర్ట్జ్ మీద కట్టేయండి. ఆటోలో ఉంచితే ఈ రోజు ఖాళీగా ఉన్న సందులోకి రేపు అదే వచ్చి కూర్చుంటుంది. తర్వాత జిగ్బీకి 20 లేదా 25 ఇవ్వండి. ఈ నిర్ణయం మొదట్లోనే జరగాలి. నలభై పరికరాలు చేరాక ఛానెల్ మారిస్తే బ్యాటరీవాటిలో కొన్నింటిని నిచ్చెన వేసుకుని మళ్లీ కలపాల్సి రావచ్చు.

నాలుగో మెట్టు: రూటర్లు

అసలు పని ఇదే, కాబట్టి నిదానంగా.

అక్క అత్తయ్యగారికి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి సాకెట్ల స్విచ్‌లన్నీ ఆపే అలవాటు. ఆమెకు డెబ్బై ఏళ్లు. ఒకసారి షార్ట్ సర్క్యూట్ చూసిన మనిషి. "ఈ ప్లగ్ ఆపకండి అత్తయ్యా" అని అక్క రెండుసార్లు చెప్పింది, కాగితం అంటించింది. ఆ కాగితాన్ని కూడా జాగ్రత్తగా చదివి స్విచ్ ఆపేశారట. ఆమెది తప్పు అనడానికి నాకు నోరు రాదు. మనుషులు ఆపగల చోట రూటర్ పెట్టడమే తప్పు. స్మార్ట్ బల్బులదీ ఇదే కథ. గోడ స్విచ్ ఆపితే బల్బు ఆరడమే కాదు, దాని మీద ఆధారపడిన సెన్సర్లు కూడా అనాథలవుతాయి. రూటర్లుగా బల్బులను నేను లెక్కలోకే తీసుకోను.

నిలిచేది స్విచ్ బోర్డు వెనక దాగే మాడ్యూల్. లైను ఎప్పుడూ దానికి అందుతూనే ఉంటుంది. స్విచ్ నొక్కితే దీపం ఆరుతుంది, మాడ్యూల్ ఆరదు. అయితే అది రూటర్‌గా పనిచేయాలంటే దానికి న్యూట్రల్ తీగ కావాలి. న్యూట్రల్ లేకుండా నడిచే రకాలు సాధారణంగా రూటర్లు కావు. కొనేముందు పెట్టె మీద ఈ ఒక్క మాట వెతకండి. మన ఇళ్లలో ఒక వెసులుబాటు ఉంది. బోర్డులో స్విచ్‌లతో పాటు అయిదు ఆంపియర్ల సాకెట్ ఉంటే అక్కడ న్యూట్రల్ ఉన్నట్టే.

బోర్డు విప్పేముందు మెయిన్ ఒక్కటే ఆపితే చాలదు. ఇన్వర్టర్ లైనులో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టర్‌ను కూడా ఆపి, దాని అవుట్‌పుట్ ఎంసీబీ దించి, టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. పని రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇంకో మాట కూడా ఆయనకు చెప్పాలి. ఇన్వర్టర్ లైను ఫేజ్‌కు ఇన్వర్టర్ వైపు న్యూట్రల్‌నే కలపాలి, మామూలు లైను న్యూట్రల్‌ను కాదు.

మేము మెట్ల మలుపులోని బోర్డు విప్పాం. లోపల తుప్పు పట్టిన ఇనప పెట్టె, అందులో ఎర్ర తీగలు మూడు, నల్లది ఒకటి, అడుగున పాత సున్నం పొడి. మాడ్యూల్‌ను పెట్టె అడుగుకు నొక్కేస్తే చుట్టూ ఇనుమే, సిగ్నల్ ఎటూ పోదు. తీగలను వెనక్కి సర్ది, మాడ్యూల్‌ను ముందుకు, ప్లాస్టిక్ ప్లేటు వెనక ఆనించి పెట్టాం. నాలుగు తీగలు, అర చెయ్యి ఖాళీ, ఎలక్ట్రీషియన్ చెమట. అదొక్కటీ కింది వాటాను, పై వాటాను కలిపింది. పై వాటా హాల్లో ఒకటి, డాబా మెట్ల తలుపు దగ్గర ఒకటి పెట్టాక మేడకు మూడు దారులయ్యాయి. ఒకటి పోయినా కబురు ఇంకో దారిన వెళుతుంది. ఒక గదికి ఒకే దారి ఉందంటే ఆ గది ఇంకా చేరనట్టే లెక్క.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో ప్లగ్‌లు తెప్పించుకోకండి. జిగ్బీ రేడియో ఎక్కడైనా ఒకటే గాని అక్కడి ప్లగ్ 120 వోల్టులకు చేసింది, మనది 230. జిగ్బీ లాంటిదే ఇంకో పద్ధతి జీ-వేవ్ అయితే రేడియో కూడా కలవదు. అక్కడ 908 మెగాహెర్ట్జ్ దగ్గర, మన దేశంలో 865 దగ్గర పనిచేస్తుంది. జీ-వేవ్ వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కబురు మధ్యలో నాలుగు రిపీటర్లకు మించి దాటదు. పొడుగాటి ఇళ్లలో వరస పేర్చుకుంటూ పోతే ఆ హద్దు తగులుతుంది.

అయిదో మెట్టు: కలిపే వరస

కోఆర్డినేటర్‌కు దగ్గరి రూటర్‌తో మొదలుపెట్టి బయటికి వెళ్లండి. రూటర్లన్నీ చేరాకే బ్యాటరీ పరికరాలు. వాటిని హాల్లో బల్ల మీద కలిపి తర్వాత మేడకు మోసుకెళ్లకండి. కొన్ని రకాల సెన్సర్లు మొదట పట్టుకున్న చెయ్యిని వదలవు. డాబా మీద కూర్చుని కూడా కింది హాలునే పిలుస్తూ, ఒక రోజు మూగబోతాయి. సెన్సర్ ఉండాల్సిన చోటే దాన్ని పట్టుకుని, చేరే అనుమతిని ఆ దగ్గరి రూటర్ ద్వారా మాత్రమే తెరవండి. సర్వర్‌లో జిగ్బీ నెట్‌వర్క్‌ను నడిపే జిగ్బీ2ఎంక్యూటీటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు ఉంది.

ఒక రోజంతా వదిలేసి తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌లో నెట్‌వర్క్ మ్యాప్ చూడండి. అందులో లింకు ఎంత బాగుందో చెప్పే ఎల్‌క్యూఐ అనే అంకె 0 నుంచి 255 వరకు కనిపిస్తుంది. ఒక కంపెనీ చిప్ 60 చూపితే బాగున్నట్టు, ఇంకోటి 120 చూపినా బాగా లేనట్టు కావచ్చు. ఆ అంకెల వెంటపడి నేను ఒక వారం పోగొట్టుకున్నాను. ఇప్పుడు చూసేది ఒకటే. మెయిన్ ఆపి, పది నిమిషాలు ఆగి, ప్రతి సెన్సర్‌ను ఒకసారి కదుపుతాను. పలికితే ఉన్నట్టు.

విడదీయాల్సిన చోటు

ఒక అంతస్తులో సిగ్నల్ బలహీనంగా ఉందని నెట్‌వర్క్‌ను విడదీయకండి. దానికి మందు రూటరే. విడదీస్తే పోయేవి ఉన్నాయి. ఒక నెట్‌వర్క్ రూటర్లు రెండోదానికి సాయపడవు. బటన్‌ను నేరుగా దీపానికి బైండ్ చేయడం (సర్వర్ అవసరం లేకుండా జత కట్టడం), గ్రూపు కట్టడం ఒకే నెట్‌వర్క్ లోపలే కుదురుతాయి. హద్దు దాటితే ప్రతి పనికీ సర్వర్ మధ్యలోకి రావాలి.

నా లెక్కలో విడదీయడానికి రెండు కారణాలు సరైనవి. పై వాటా అద్దెకిచ్చి, వాళ్ల పరికరాలు వాళ్లవి అయినప్పుడు ఒకటి. మధ్యలో ఖాళీ జాగా ఉన్న రెండో కట్టడం ఇంకొకటి. ఈ రెండోదాన్ని నేను పెదనాన్నగారి ఇంట్లో చేశాను.

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో ఒక పల్లె. ఇంటి వెనక అరవై మీటర్ల పెరడు, దాని చివర పశువుల కొట్టం, పక్కనే బోరు మోటారు గది. కొట్టంలో దీపాలు, ఫ్యాన్లు, తొట్టి నీటి మట్టం సెన్సర్, రాత్రి తలుపు సెన్సర్. మొదట పెరట్లో వేపచెట్టుకు ప్లాస్టిక్ డబ్బా కట్టి అందులో రూటర్ పెట్టాను. ఎండల్లో బాగానే నడిచింది. వానకు ఆకులు తడిసిన రోజున సిగ్నల్ పడిపోయింది. నీరు ఈ తరంగాలను మింగుతుంది, తడి ఆకులు తడి గుడ్డలాంటివే. సముద్రపు ఉప్పు గాలికి ఆరు నెలల్లో ప్లగ్ పిన్నులు పచ్చబడ్డాయి. డబ్బా దించేశాను.

చేసిన పని వరసగా ఇది. మొదట పాత నెట్‌వర్క్ బ్యాకప్ తీసుకున్నాను. ఇంటికీ కొట్టానికీ మధ్య పైపులో ఫైబర్ తీగ లాగించాను. ఈథర్నెట్ రాగి తీగ వంద మీటర్ల వరకు పనిచేస్తుంది గాని, రెండు కట్టడాల మధ్య రాగి వేస్తే పిడుగు దెబ్బ ఒక కొస నుంచి రెండో కొసకు దాని మీదుగానే వస్తుంది. ఫైబర్‌కు ఆ బెడద లేదు. రెండు కొసల్లో ఫైబర్‌ను ఈథర్నెట్‌గా మార్చే మీడియా కన్వర్టర్లు, కొట్టం వైపు ఈథర్నెట్ కోఆర్డినేటర్. మోటారు గదిలో పెట్టమని పెదనాన్నగారు అన్నారు గాని ఒప్పుకోలేదు. ఆ గదిది వ్యవసాయ కనెక్షన్, రోజుకు తొమ్మిది గంటలే సరఫరా. కొట్టానికి వచ్చేది ఇంటి లైను. కోఆర్డినేటర్ అక్కడే, చిన్న యూపీఎస్ మీద ఉంది.

సర్వర్‌లో జిగ్బీ2ఎంక్యూటీటీ రెండో ప్రతిని వేరే ఫోల్డర్‌లో, వేరే మూల టాపిక్‌తో (కబుర్లు చేరే చిరునామా), వేరే పోర్టుతో నిలబెట్టాను. ఇంటి పరికరాలన్నిటినీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌లో జిగ్బీ కోసం ఉన్న జెడ్‌హెచ్‌ఏ అనే భాగాన్ని వాడేవాళ్లకు అందులో ఒక్క కోఆర్డినేటరే కుదురుతుంది. రెండోదాన్ని జిగ్బీ2ఎంక్యూటీటీకి ఇవ్వాలి. మొదటి నెట్‌వర్క్ సెట్టింగుల ఫైలును రెండోదానికి నకలు తీయకండి. పాన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తు), రహస్య తాళం కూడా నకలైపోయి, ఒకే పేరున్న రెండు నెట్‌వర్క్‌లు ఒకదాని మీద ఒకటి అరుచుకుంటాయి. కొత్తవాటిని అదే పుట్టించుకోనివ్వండి. ఇంటికి ఛానెల్ 25 ఉంది కనుక కొట్టానికి 20 ఇచ్చాను.

తరలించేటప్పుడు పిల్లలు (సెన్సర్లు) ముందు, పెద్దలు (రూటర్లు) తర్వాత. రూటర్‌ను ముందు లాగేస్తే దాని సెన్సర్లన్నీ దారి తప్పుతాయి. ఒక్కో సెన్సర్‌ను పాత నెట్‌వర్క్ నుంచి తీసేసి, రీసెట్ చేసి, కొత్తదాంట్లో కలపాలి. ఆ సమయంలో చేరే అనుమతి కొత్త నెట్‌వర్క్‌లో మాత్రమే తెరిచి ఉండాలి. రెండూ తెరిచి ఉంచిన రోజున తొట్టి సెన్సర్ బుద్ధిగా వెనక్కి వెళ్లి ఇంటి నెట్‌వర్క్‌లోనే చేరింది. చేరిన ప్రతిదానికీ పాత పేరే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. హోమ్ అసిస్టెంట్‌లోని ఆటోమేషన్లు చాలావరకు ఏమీ జరగనట్టే నడుస్తాయి.

ఇక చివరి పరీక్షకు ఫైబర్ పీకాను. కొట్టం దీపం బటన్‌కు నేరుగా బైండ్ చేసి ఉంది కనుక వెలిగింది. తొట్టి నిండితే మోటారు ఆగే ఏర్పాటు మాత్రం సర్వర్ మీద ఉంది, అది ఆగిపోయింది. అలాగే ఆగుతుందని ముందే తెలుసు. అందుకే మోటారుకు మాడ్యూల్‌ను నేరుగా తగిలించలేదు. మాడ్యూల్ స్టార్టర్‌లో మోటారు కరెంటును కలిపే, విడదీసే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే ఆడిస్తుంది, నీరు లేకుండా తిరగకుండా ఆపే రక్షణ స్టార్టర్‌లోనే ఉంది, తొట్టిలో మామూలు ఫ్లోట్ స్విచ్ కూడా వేలాడుతోంది. మోటారు ఆపే పనిని గాలిలో వెళ్లే కబురుకు ఒక్కదానికే అప్పజెప్పను.

ఒక సెట్టింగ్ మరిచాను, దాన్ని పెదనాన్నగారే గుర్తు చేశారు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉండాలో ప్రతి స్మార్ట్ దీపానికీ, మాడ్యూల్‌కూ ఒక అమరిక ఉంటుంది. బల్బుల్లో చాలావాటికి అది "వెలుగు" మీద ఉండి వస్తుంది. రాత్రి రెండింటికి కరెంటు వచ్చి కొట్టమంతా పట్టపగలైపోతే ఆవులు లేచి నిలబడ్డాయట, తెల్లవారిందనుకుని. దాన్ని "మునుపటి స్థితి"కి మార్చాను.